ఎడమకు తిరగని మెడ

బెంగాల్‌లో, ఓడరేవు పక్కనున్న గార్డెన్ రీచ్‌లోని మా తెలుగు చర్చిలో మగవాళ్ళు కుడి వైపు బెంచీల మీద, ఆడవాళ్ళు ఎడమ వైపు బెంచీల మీద కూర్చుంటారు. మధ్యలో ఇద్దరు పక్కపక్కన నడవగలిగినంత దారి ఉంటుంది. ఈ పద్ధతిని ఎవరూ రాసి గోడకు పెట్టలేదు. ఓడరేవు పనికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన పాతవాళ్ళు, చర్చిని ఇప్పటికీ గుడి అనేవాళ్ళు, అక్కడి ఊళ్ళలో ఎలా కూర్చునేవారో ఇక్కడా అలాగే కూర్చున్నారు. వాళ్ళ మనవలు ఇప్పుడు పాట మాటల్ని ఫోన్లలో ఇంగ్లీషు అక్షరాల్లో చూసుకుని పాడతారు. అయినా గుమ్మం దాటగానే అన్నదమ్ములు కుడికీ, అక్కచెల్లెళ్ళు ఎడమకీ విడిపోతారు. ఒకరు చెప్పాల్సిన పని ఉండదు.

మా బావ, అంటే మా అక్క భర్త, పెళ్ళయిన నాటి నుంచీ కుడి వైపు ఒకే బెంచీలో, దారి పక్కనే కూర్చుంటున్నాడు. అక్క ఎడమ వైపు సరిగ్గా ఆయనకు సూటిగా ఉన్న బెంచీలో, ఆమె కూడా దారి పక్కనే. నేను పత్రిక ఉద్యోగం మానేశాక న్యూ టౌన్ నుంచి రెండు బస్సులు మారి ఆదివారాలు అక్కడికి వెళ్తుంటాను. బావ వెనక బెంచీలో కూర్చుంటాను. చర్చిలో జరిగిందంతా అక్కడి నుంచే చూశాను.

అక్కకు మతిమరుపు మొదలైంది. డాక్టరు దానికో పేరు చెప్పాడు. ఆ పేరు మేం ఇంట్లో పలకం. ఇంటి పనుల్లో మొదట్లో పెద్ద తేడా కనిపించలేదు. చేపల పులుసు ఎప్పటిలాగే కుదిరేది, బజారు దారి తప్పేది కాదు. తేడా చర్చిలో బయటపడింది. ఆరాధనకు ఒక వరస ఉంటుంది. పాటకు లేవాలి, వాక్యం చదివేటప్పుడు కూర్చోవాలి, ప్రార్థనకు తల వంచాలి, చందా సంచీ వచ్చినప్పుడు చేయి చాచాలి. చిన్నప్పటి నుంచీ ఒంటికి పట్టిన ఆ వరస ఆమెకు ఉన్నట్టుండి జారిపోవడం మొదలుపెట్టింది. ఒక ఆదివారం పాట అయిపోయి అందరూ కూర్చున్నారు. అక్క ఒక్కతే నిలబడి ఉంది. తాను ఒక్కతే నిలబడి ఉన్నానని ఆమెకు తెలిసింది. ఏం చేయాలో మాత్రం తెలియలేదు. అప్పుడు ఆమె మెల్లగా కుడి వైపుకి చూసింది.

బావ అప్పటికే చూస్తున్నాడు. మోకాలి దగ్గర నుంచి చేయి కాస్త లేపి, అరచేయి నేలకు తిప్పి, మెల్లగా కిందికి దించాడు. అక్క కూర్చుంది.

ఆ సైగ ఆయన రేవులో నేర్చుకున్నది. బావ కుర్రతనంలో బస్తాలు మోశాడు, తర్వాత సిగ్నల్‌మ్యాన్ అయ్యాడు. ఓడ మీద సరుకు దింపే గొయ్యి అంచున నిలబడి, కింద గొయ్యిలో ఉన్న కూలీలను చూస్తూ, పైన క్రేన్ గదిలో కూర్చున్న డ్రైవరుకు చేత్తో సైగ చేయడం ఆ పని. ఆ మోతలో మాట వినిపించదు. వేలు పైకెత్తి తిప్పితే లేపమని, దాన్ని వాళ్ళు హబీస్ అంటారు. అరచేయి కిందికి దించితే దించమని, అది ఆరియా. పిడికిలి బిగిస్తే ఆపమని. ఈ మూడూ మా ఇంట్లో అందరికీ వచ్చు. బస్సులో అక్క ముందు ఆడవాళ్ళ సీట్లో కూర్చుంటే, వెనక జనంలో ఇరుక్కున్న బావ దిగే చోటు రాగానే పిడికిలి పైకెత్తేవాడు. పెళ్ళి భోజనాల్లో వడ్డించేవాళ్ళ మీదుగా అక్క ఆయనకు ఆరియా చూపించేది, ఇక చాలు లెమ్మని. కాబట్టి చర్చిలో ఆమె ఆయన చేయి వైపు చూడటం ఎవరికీ తెలియని ఏర్పాటు అయింది. పాటకు వేలు, కూర్చోవడానికి అరచేయి. నేను వెనక కూర్చుని ఉండకపోతే నాకూ తెలిసేది కాదు.

అదే ఏడాది బావ మెడ బిగిసిపోయింది.

అది ఒక్క రోజులో జరిగింది కాదు. పని మానేశాక ప్రతి చలికాలం కాస్త కాస్త పట్టేస్తూ వచ్చింది. కుడికి సగమైనా తిరిగేది. ఎడమకు మాత్రం గడ్డం భుజం వైపు బయలుదేరి దారిలోనే ఆగిపోయేది. ఆలోచిస్తే, అన్నేళ్ళూ ఆ మెడ పైకీ కిందికీ ఊగిందే తప్ప పక్కకు తిరిగే పని దానికి పెద్దగా పడలేదు. ఆయన దాన్ని లెక్కచేయలేదు. ఎవరైనా ఎడమ నుంచి పిలిస్తే మనిషి మొత్తంగా తిరిగేవాడు. వీధిలో అది ఇబ్బంది కాదు. బెంచీలో అది కుదరదు. బావ నడుము తిప్పి కూర్చుంటే పాత చెక్క కిర్రుమంటుంది, పక్కవాళ్ళు జరగాలి, వెనక వరసలన్నీ ఆయన ఎటు చూస్తున్నాడా అని అటే చూస్తాయి. అలా జరిగిన రోజు ఇంటికి వెళ్ళాక అక్క ఆయన్ని వదల్లేదు. ఊరందరికీ టముకేసి చెప్పమంది. ఆ తర్వాత ఆయన నడుము తిప్పడం మానేశాడు.

మానేసిన కొద్ది వారాలకే అది జరిగింది. వాక్యం చదువుతున్నారు, అందరూ కూర్చుని ఉన్నారు. అక్క లేచి నిలబడి, ముందే పాడేసిన పాట పల్లవి గొంతెత్తి పాడింది. మంచి గొంతు ఆమెది. చదివే ఆయన ఆగిపోయాడు. ఎవరూ నవ్వలేదు, అది చెప్పాలి. పక్కనున్న ఆవిడ మోచేయి పట్టుకుని కూర్చోబెట్టబోతే అక్క చేయి విదిలించుకుంది. అప్పుడు ఆమె బావ వైపు చూసింది. బావ తల ఎడమకు బయలుదేరి ఆగిపోయింది. ఆయన కళ్ళు మూల దాకా పోయినా ఆమె దాకా చేరలేదు. చేయి మాత్రం ఆరియా చూపిస్తూనే ఉంది, ఆమె నిలబడి ఉందో కూర్చుందో తెలియకుండానే.

 ఇంటికి వెళ్ళాక అక్క చీర మార్చుకుని వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి బావతో మెల్లగా చెప్పింది.

“నువ్వు సూస్తే వొత్తాను. సూడకపోతే రాను. ఇంటికాడే పార్దన సేసుకుంటాను.”

మిగతా దారులన్నీ మేం ఆలోచించకపోలేదు. బావ ఆడవాళ్ళ వైపు చివరన కూర్చోవచ్చని సంఘపెద్దలే అన్నారు. అక్క ఒప్పుకోలేదు. మగోడు వచ్చి పక్కన కూర్చున్నాడంటే తనకేదో అయిందని అందరికీ తెలిసిపోతుందని. అందరికీ తెలిసే ఉందని ఆమెతో అనడానికి ఎవరికి నోరొస్తుంది? ఆమే నాలుగు బెంచీలు ముందుకు జరిగి కూర్చుంటే బావకు అంత తిరగాల్సిన పని ఉండదని నేనన్నాను. అది తన చోటు కాదంది. మరుసటి ఆదివారం ఆమె రాలేదు. బావ ఒక్కడే వచ్చాడు. ఎడమ వైపు ఆ బెంచీ చివర ఖాళీగా ఉంది. ఆమె చోటులో ఇంకెవరూ కూర్చోలేదు.

నా మెడ కూడా డెస్కు మీద అరిగినదే. కొన్నేళ్ళ కిందట ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్ళి కుదుటపడ్డాను. బావను ముందు ఎముకల డాక్టరుకు చూపించాం. ఆయన ఎక్స్‌రే కిటికీకి ఎత్తిపట్టి, అరిగినదాన్ని వెనక్కి తేలేమని, బిగిసినదాన్ని మాత్రం కొంత వదిలించవచ్చని అన్నాడు. తర్వాత ఆ ఫిజియోథెరపిస్టు దగ్గరకే తీసుకెళ్ళాను. ఆవిడ బెంగాలీ, మా పిల్లల వయసు. కింది అంతస్తులో ఒక గది, గోడకు అద్దం, నాలుగు చెక్క కుర్చీలు. బావను జేఠూ అని పిలిచింది, పెదనాన్నా అన్నట్టు. బావ ఆవిడను దీదీ అన్నాడు.

బావ వచ్చీ రాగానే తన ఉద్దేశం చెప్పేశాడు. రేవు గేటు బయట చెట్టు కింద కూర్చునే మంగలి, గడ్డం గీశాక తల రెండు చేతుల్తో పట్టి ఒక్క విరుపు విరిచేవాడని, టక్కుమనగానే వారం బరువు దిగిపోయేదని, అలాంటిది ఒక్కసారి గట్టిగా విరిచేస్తే సరిపోతుందేమో అని. ఆవిడ ఆ మాట పూర్తిగా విని, ఈ వయసులో ఈ మెడను ఎవరి చేతికీ ఇవ్వొద్దని, మంగలికి గడ్డం మాత్రమే ఇవ్వమని చెప్పింది. బావకు ఆ మాట నచ్చింది. ఇంటికి వెళ్ళే దాకా నవ్వుకున్నాడు.

ఆవిడ చెప్పినవి చాలా చిన్నవి. సోఫా కాకుండా వీపు ఆనే చెక్క కుర్చీ మీద కూర్చోవాలి. రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనాలి. చేతులు ఒళ్ళో వదిలేయాలి. భుజాలు చెవుల దగ్గర నుంచి కిందికి జారాలి. ఇక్కడ ఆవిడ ఆగి, బావ భుజాల మీద చేతులు వేసి, బెంగాలీలో అంది: “జేఠూ, ఓడ ఎప్పుడో వెళ్ళిపోయింది. ఆ బస్తా దించండి.” బావ భుజాలు నిజంగానే దిగాయి. అవి అన్నేళ్ళుగా పైకే ఉన్నాయని నేను అప్పుడే గమనించాను.

తర్వాత గడ్డాన్ని కాస్త వెనక్కి లాక్కోవాలి, ఎవరో వెనక నుంచి దారంతో లాగినట్టు. ఎవరో మెల్లగా పిలిస్తే తిరిగినట్టు తలను ఒక పక్కకు తిప్పాలి. కండరం లాగే చోట ఆగాలి, నొప్పి పుట్టే చోటికి వెళ్ళకూడదు. అక్కడ ఊపిరి వదిలి, మళ్ళీ మధ్యకు రావాలి. రెండో పక్క కూడా అంతే. చెవిని భుజం వైపు వంచాలి, భుజాన్ని చెవి దగ్గరకు తేకూడదు. గడ్డాన్ని ఛాతీ వైపు దించాలి. పైకి చూసేది మాత్రం ఆయన విషయంలో వదిలేసింది, పైకి చూడటం ఈ జన్మకు సరిపడా అయిపోయిందని. తలను గుండ్రంగా తిప్పవద్దంది. కళ్ళు తిరిగినా, చేయి తిమ్మిరెక్కినా ఆపేసి తన దగ్గరకు రమ్మంది. అన్నిటికంటే ముఖ్యంగా, తొందర పడవద్దని చెప్పింది. ఏదైనా ఒక్క ఊపున లేపడానికి అలవాటు పడ్డ మనిషికి అదే కష్టమని ఆవిడ ఎలా కనిపెట్టిందో.

బావ ఇంట్లో కుర్చీ తలుపు దగ్గర వేసుకుని మొదలుపెట్టాడు. ఎందుకు చేస్తున్నాడో అక్కకు చెప్పలేదు, ఇరుగుపొరుగుకు అసలే చెప్పలేదు. చెబితే కారణం కూడా చెప్పాలి కదా.

రెండు మూడు రోజులకు పక్క వాటాలోని ఆవిడ కూర గిన్నెతో వచ్చింది. తలుపు తీసి ఉంది. బావ కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని, గడ్డం ఛాతీకి దించి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. మా వాళ్ళ ఇళ్ళలో మనిషి అలా కూర్చుంటే దానికి ఒకటే అర్థం. ఆవిడ చెప్పులు విప్పి, గిన్నె గుమ్మం పక్కన పెట్టి, కొంగు తల మీదికి లాక్కుని, తాను కూడా కళ్ళు మూసుకుని నిలబడింది. బావ తల ఎత్తాడు, పక్కకు తిప్పాడు, మళ్ళీ దించాడు. చాలాసేపటికి ముగిస్తున్నట్టు గట్టిగా ఊపిరి వదిలేసరికి, గుమ్మం దగ్గర నుంచి ఆమేన్ అని వినిపించింది.

ఆయన లేచి కూర గిన్నె అందుకున్నాడు. మరునాడు ఇద్దరు వచ్చారు. ఆ వారంలోనే ఒకావిడ, “మావోడి ఉజ్జోగం గురించి కూడా ఓ మాట సెప్పండి బాబూ” అని అడిగి వెళ్ళింది. వ్యాయామం అని ఇప్పుడు చెబితే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. చెప్పకపోతే దేవుడి దగ్గర అబద్ధమాడినట్టు. బావ మధ్యే మార్గం పట్టాడు. తల ఎడమకు తిప్పినప్పుడు ఆ కుర్రాడి ఉద్యోగం గురించి, కుడికి తిప్పినప్పుడు ఇంకొకరి మోకాళ్ళ గురించి నిజంగానే ప్రార్థన చేయసాగాడు. ఇవన్నీ ఆయన నాకు తర్వాత చెప్పాడు. చెబుతున్నప్పుడు నవ్వలేదు.

ఒక సాయంత్రం కుర్చీలోంచి లేస్తుంటే గది తిరిగింది. కిటికీ ఊచ దొరక్కపోతే పడిపోయేవాడే. కూర్చుని తమాయించుకున్నాడు. మరునాడూ అలాగే అయింది. ఆపేశాడు. ఆపి నాకు ఫోను చేసి, ఈ ఆటలు తనకు పనికిరావని, రేపు పొద్దున్న గేటు దగ్గరకు వెళ్ళి మంగలి చేత విరిపించేసుకుంటానని చెప్పాడు. ఆయన గొంతులో కోపం లేదు. అది నన్ను ఎక్కువ భయపెట్టింది.

“ఎన్నాళ్ళు కూకోనబెడతాను బామ్మర్దీ మీ అక్కని? ఇంటికాడే ఉండిపోతే ఇంటికే అలవాటు పడిపోద్ది. తరవాత నాను తిరిగినా ఆవిడ తిరగదు.”

దీదీకి ఒకసారి చూపించాక నీ ఇష్టం అన్నాను. పొద్దున్నే టాక్సీలో తీసుకెళ్ళాను. ఆవిడ ముందు రక్తపోటు చూసింది. డాక్టరుకు ఫోను చేసి ఆ రోజే చూసేలా సమయం అడిగింది. ఆ తర్వాత బావను కుర్చీలో కూర్చోబెట్టి, ఇంట్లో ఎలా చేస్తారో అలాగే చేసి చూపించమంది, కాస్త మాత్రమే.

బావ పాదాలు ఆనించాడు, భుజాలు దించాడు. గడ్డం ఇంకా సగం కూడా దిగలేదు, కళ్ళు మూసుకుపోయాయి. తల పక్కకు తిప్పినప్పుడూ మూసే ఉన్నాయి.

“కళ్ళెందుకు మూస్తున్నారు జేఠూ?”

మూయలేదన్నాడు. మూశారంది. లేదన్నాడు. ఆవిడ అద్దం చూపించబోయి, మూసిన కళ్ళు ఆయనకు అద్దంలో ఎలా కనిపిస్తాయని తనే నవ్వేసి, నా ఫోన్లో వీడియో తీయమంది. తీసి చూపించాను. బావ చాలాసేపు ఆ చిన్న తెర వైపు చూశాడు. తన మొహం అలా ఉంటుందని ఆయన ఎన్నడూ చూసి ఉండడు.

“ఇది నా పార్దన మొకం” అన్నాడు తెలుగులో, నాతో.

తల వంచితే కళ్ళు వాటంతటవే మూసుకుంటాయని, తెరిచి ఉంచితే తప్పు చేసినట్టు ఉంటుందని ఆయన ఆవిడకు బెంగాలీలో చెప్పుకున్నాడు. చిన్నప్పుడు ప్రార్థనలో కళ్ళు తెరిచినందుకు వాళ్ళ నాయన నెత్తి మీద మొట్టాడట. ఆవిడ నవ్వలేదు. ఇన్నేళ్ళ అలవాటును ఒక్క రోజులో విప్పమని అడగనంది. తల దించేది ప్రస్తుతానికి వదిలేయమంది. కళ్ళు మూసి తల కదిపితే కొందరికి తూలినట్టు ఉంటుందని, కారణం అదే కావచ్చు గానీ డాక్టరు కూడా ఆ మాట చెప్పాలని అంది. అప్పటిదాకా ఏదీ చేయవద్దంది. డాక్టరు సాయంత్రం చూసి భయపడాల్సింది లేదన్నాడు. మంగలి సంగతి ఆయన కూడా గట్టిగానే చెప్పాడు.

ఆవిడ మళ్ళీ మొదలుపెట్టించిన పద్ధతి వేరు. ముందు కళ్ళు వెళ్ళాలి, కళ్ళ వెనక తల వెళ్ళాలి. వెళ్ళడానికి అక్కడ చూడదగ్గది ఒకటి ఉండాలి. కిటికీ కావచ్చు, క్యాలెండర్ కావచ్చు. మీ ఇంట్లో ఎడమ పక్కన ఏముందని అడిగింది. బావ ఆలోచించి, వంటగది ఉందన్నాడు.

కుర్చీ తలుపు దగ్గర నుంచి లోపలికి జరిగింది, గోడ వారగా, వంటగది గుమ్మానికి ఎదురుగా కాకుండా పక్కగా. అక్క మధ్యాహ్నాలు వంటగదిలో కత్తిపీట ముందు కూర్చుని కూర తరుగుతుంది. ఆ కుర్చీలోంచి ఎడమకు తిరుగుతుంటే ముందు మంచినీళ్ళ కుండ కనిపిస్తుంది, తర్వాత గిన్నెల అలమర, తర్వాత గ్యాస్ సిలిండర్, ఆ తర్వాత అక్క మోచేయి, చివరికి అక్క మొహం. బావ ఫోన్లో నాకు ఆ లెక్కనే చెప్పేవాడు. ఈ వారం అలమర దాటానని. గ్యాస్ బండ దగ్గర ఆగిపోయానని. వాన పడ్డ వారంలో మళ్ళీ కుండ దగ్గరకు వచ్చేశానని. ఫిజియో ఆవిడ కూడా ఆ కొలతే పట్టుకుంది, జేఠూ సిలిండర్ దాటారా అని అడిగేది. సిలిండర్ దగ్గర ఆగినందుకు తొందరపడి తోయవద్దని, అక్కడే ఊపిరి వదిలి తిరిగి రమ్మని, రేపు అదే కాస్త జరుగుతుందని అనేది.

నేను వెళ్ళిన ఒక మధ్యాహ్నం చూశాను. ఆయన కళ్ళు ముందు కదిలాయి, వెనకే గడ్డం మెల్లగా కదిలింది. మెడ నరం ఒకటి తాడులా తేలింది. ఆగాడు. ఊపిరి వదిలాడు. అక్క తల ఎత్తింది.

“ఏటయ్యా అలగ సూస్తన్నావు? ఆకలేస్తందేటి?”

ఆయన లేదన్నాడు. కాసేపటికి మళ్ళీ తిరిగాడు. ఆమె మళ్ళీ అదే అడిగింది, మొదటిసారి అడిగినంత నెమ్మదిగా. ఆయన మొదటిసారి చెప్పినంత నెమ్మదిగానే చెప్పాడు. ఆ పూట ఎన్నిసార్లు జరిగిందో నేను లెక్కపెట్టలేదు. నన్ను చూసి తమ్ముడూ ఎప్పుడొచ్చావని కూడా ఆమె రెండోసారి అడిగింది. నేను వచ్చి అప్పటికే టీ తాగి ఉన్నాను.

ఆయన మెడ ఆమెకు దగ్గరవుతున్న కొద్దీ ఆమె మతి దూరమవుతోంది. అది బావకూ నాకూ కనిపిస్తూనే ఉంది. ఆదివారాలు ఆయన ఒంటరిగానే వచ్చేవాడు. వెనక నుంచి చూస్తే పాట మధ్యలో ఆయన తల ఎడమకు కొద్దికొద్దిగా తిరిగేది, ఖాళీ చోటు వైపు. ఒక ఆదివారం పూర్తిగా ఆ చోటు దాకా వెళ్ళి ఆగింది. బెంచీ కిర్రుమనలేదు. నడుము కదలలేదు. పక్కవాళ్ళకు తెలియను కూడా లేదు.

ఆ మధ్యాహ్నమే ఆయన అక్కతో చెప్పాడు. నేను అక్కడే ఉన్నాను. మాట సరిగ్గా రావాలని కాబోలు, గొంతు సవరించుకున్నాడు.

“ఓలే, ఇంక నాకు తల తిరుగుతాది. నిన్ను సూత్తాను. వొచ్చే ఆదివారం రా.”

అక్క అయోమయంగా చూసింది. “ఎక్కడికి?”

“గుడికి.”

“గుడికి రాకేటి? నానెప్పుడు మానీసినాను?”

బావ నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. ఆమె పెట్టిన షరతు ఆమె దగ్గర లేదు. ఆ షరతు తీర్చడానికి ఆయన నెలల తరబడి కుండ నుంచి మొహం దాకా వచ్చాడు. ఆయన మాత్రం, “మానీలేదు, మానీలేదు. ఊరికే అన్నాను” అని, లేచి వెళ్ళి ఆమె మంచి చీరను ఇస్త్రీ వాడికి ఇచ్చి వచ్చాడు.

ఆ ఆదివారం చలి బాగా ఉంది. అక్క గుమ్మం దాటి, ఎవరూ చెప్పకుండానే ఎడమకు వెళ్ళి తన చోట్లో కూర్చుంది. పక్కనున్న ఆవిడ జరిగి చోటిచ్చి, ఏమీ అడగలేదు. మొదటి పాటకు అందరితో పాటు లేచింది. పాట మాటలన్నీ వచ్చాయి. పాట అయ్యాక అందరూ కూర్చున్నారు. అక్క నిలబడే ఉంది.

బావ కళ్ళు వెళ్ళాయి, వెనకే తల వెళ్ళింది, ఆమె దాకా. చేయి మోకాలి దగ్గర సిద్ధంగా ఉంది. అరచేయి మెల్లగా దిగింది. కానీ అక్క ఆయన వైపు చూడటం లేదు. ఎదురుగా, బల్ల మీది పువ్వుల వైపు చూస్తోంది. మొహంలో సిగ్గు లేదు, కంగారు లేదు. ఎవరి వైపైనా చూడాలన్న సంగతి ఆమెకు గుర్తున్నట్టు లేదు. బావ చేయి మళ్ళీ లేచి మళ్ళీ దిగింది. అన్నేళ్ళలో ఆ చేతి సైగ చూడకుండా ఏ క్రేనూ నిలబడిపోయి ఉండదు. కాసేపటికి ఆమె తనంతట తనే, మోకాళ్ళు అలిసినట్టు, కూర్చుంది. బావ తల మధ్యకు తెచ్చుకోలేదు. వాక్యం చదివినంతసేపూ అటే ఉంచాడు. చొక్కా కాలర్ పైన మెడ చర్మం చెమట పట్టడం నాకు కనిపిస్తోంది. నొప్పి పుట్టే చోటికి వెళ్ళకూడదన్న మాట గుర్తు చేద్దామని ఆయన భుజం తట్టబోయి మానుకున్నాను.

తర్వాత ప్రార్థన. పాస్టరు గారిది పొడుగు ప్రార్థన. రోగుల కోసం, ఓడల మీద ఉన్నవాళ్ళ కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం. అన్ని తలలూ వంగాయి. నా తలా వంగింది గానీ కళ్ళు సగమే మూశాను. వంగిన తలల మధ్య ఒక్క తల నిటారుగా, ఎడమకు తిరిగి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఒక చేత్తో ముందు బెంచీ అంచు పట్టుకున్నాడు.

ఎడమ వైపు అక్క తల కూడా వంగి ఉంది. ప్రార్థన సగంలో అది లేచింది. ఎక్కడున్నానో తెలియనట్టు ఆమె అటూ ఇటూ చూసింది. వంగిన వీపులు, కప్పుకున్న కొంగులు. ఏం జరుగుతోందో చెప్పే మొహం ఒక్కటీ లేదు. ఆమె చూపు దారి దాటి కుడి వైపుకి వచ్చింది. అక్కడ ఒక మొహం ఆమె వైపే తిరిగి ఉంది.

ఆమె చూసింది. బావ చేయి లేచింది, ఏ సైగ చేయాలో తేల్చుకోలేక గాలిలో ఆగింది. ఈలోపే అక్క కనుబొమలు ముడిపడ్డాయి. ఆమె ఒళ్ళోంచి చేయి కొద్దిగా ఎత్తి పిడికిలి బిగించి చూపించింది. ఆపు. తర్వాత ఆ పిడికిలి విప్పి, అరచేతిని తన కళ్ళ ముందు నుంచి మెల్లగా కిందికి దించింది. రెప్పలు దించమని.

బావ కళ్ళు మూసుకున్నాడు. తల మాత్రం అటే ఉంచాడు, ఆమేన్ దాకా.

ఆటోలో వెనక సీట్లో ముగ్గురం కూర్చున్నాం. బావ మధ్యలో, ఆయనకు ఎడమ పక్క అక్క. బండి రేవు గోడ వెంట కుదుపుకుంటూ పోతోంది.  మాట అక్కే మొదలుపెట్టింది.

“పార్దన్లో కళ్ళు తెరిసి దిక్కులు సూస్తావేటయ్యా? ఎవులైనా సూసుంటే? ముసిలోడివైనావు, సిగ్గుండాల.”

“నువ్వూ తెరిసే ఉన్నావు గదేటి?”

“నిన్ను కనిపెట్టడానికి తెరిసినాను” అంది అక్క. “వొచ్చే ఆదివారం నుంచి సూస్తానే ఉంటాను నిన్ను. మళ్ళీ తెరిసినావంటే నీ పని సెప్తాను.”

ఆ మాట ఆమెకు ఆదివారం దాకా ఉండదని మాకు తెలుసు. ఇల్లు చేరే దాకా ఉంటుందో లేదో కూడా తెలియదు. బావ మెల్లగా ఊపిరి వదిలాడు. ముందు కళ్ళు కదిలాయి, వాటి వెనకే మెడ ఎడమకు తిరిగింది.

“సూడు” అన్నాడు. “సూస్తానే ఉండు.”